బావగారి రైఫిల్ తూటా కేసుకి 5/16-36 థ్రెడ్డు, మన లేత్ మీద అవుతుందా?

లేత్‌షాపు విజయనగరం:

అందరికీ నమస్కారం. విజయనగరం కంటోన్మెంట్‌లో చిన్న లేత్ షాపు మాది. పంపు షాఫ్టులు, ట్రాక్టర్ బుష్‌లు, జూట్ మిల్లు వాళ్ల రోలర్లు, ఇవే మా పని. ఈ తుపాకుల గొడవ నాకు బొత్తిగా తెలీదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

మా అక్క వాళ్లు టెక్సాస్‌లో ఉంటారు. బావగారికి శని ఆదివారాలు రేంజ్‌కి వెళ్లి .308 రైఫిల్‌తో కాగితం టార్గెట్ కొట్టడం పిచ్చి. తూటాలు కూడా ఇంట్లోనే సొంతంగా నింపుకుంటారు, సొంత వాడకానికైతే అక్కడ ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదట, అమ్మకానికైతేనే కావాలట. ఇప్పుడు దసరాకి వచ్చి సిరిమానోత్సవం చూసి వెళ్తారు. మొన్న ఫోన్ చేసి, "ఒరేయ్ బామ్మర్దీ, నా రైఫిల్లో పేల్చిన ఖాళీ కేసులు ఓ పది తెస్తాను, అడుగున ప్రైమర్ ఉండే చోట తొలిచి 5/16-36 థ్రెడ్డు వేసి పెట్టు" అన్నారు. కేసంటే తూటా ఇత్తడి గొట్టం, 5/16-36 అంటే 5/16 అంగుళాల వ్యాసం, అంగుళానికి 36 చుట్లు. ఆ థ్రెడ్డుకి ఒక గేజీ బిగించి, ఛాంబర్లోకి (బారెల్లో తూటా కూర్చునే చోటు) పెట్టి, గుండు ముందుకి ఎంత దూరం వెళ్లి రైఫ్లింగ్‌కి (బారెల్ లోపలి మెలి గాళ్లకి) తగులుతుందో కొలుస్తారట. కంపెనీ వాడు థ్రెడ్డు వేసిన కేసు అమ్ముతాడు గానీ, అది తన ఛాంబర్‌కి సరిగ్గా కూర్చోదు, తన కేసులే కావాలి అని ఆయన పట్టు.

నా దగ్గర 5/16 ట్యాపులు మూడు రకాలున్నాయి, ఒక్కటీ 36 కాదు. అంత పల్చటి ఇత్తడిని జాస్‌లో పడితే నొక్కుకుపోదా? ఇంకోటి, వెర్నియర్ పెట్టి తూటా మొత్తం పొడవు ఒకసారి కొలుచుకుంటే పోయేదానికి ఇంత తతంగం ఎందుకో నాకర్థం కాలేదు. బావగారిని అడిగితే గంటసేపు చెప్పారు, ఇంకా తికమకైంది. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

బొబ్బిలి టు అరిజోనా:

బామ్మర్దుల కష్టాలు బామ్మర్దులకే తెలుస్తాయి తమ్ముడూ. నేనూ ఇక్కడ నింపుకుంటాను, ఆ గేజీ నా దగ్గరా ఉంది. ముందు నీ చివరి ప్రశ్నకి చెప్తా, అది తేలితే మిగతావి వాటంతటవే తేలతాయి.

తూటాలో నాలుగుంటాయి. ఇత్తడి కేసు, దాని అడుగున మందుకి నిప్పంటించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర గుండు. ఈ గుండు మూతిలోపలికి ఎంత దిగి ఉండాలి అన్నదే మీ బావగారి తపన. బారెల్లో రైఫ్లింగ్ గాళ్లు ఛాంబర్ అంచు నుంచే మొదలవ్వవు, మధ్యలో కొంచెం నున్నటి దారి ఉంటుంది, దాన్ని థ్రోట్ అంటారు. అది దాటాక గాడికీ గాడికీ మధ్య గట్లు మొదలవుతాయి, ల్యాండ్స్ అంటారు వాటిని. తూటా పేలినప్పుడు గుండు కేసులోంచి ఊడి ఆ గట్ల దాకా గాల్లో వెళ్లే దూరమే జంప్. ఆ జంప్ ఒక్కో తూటాకి ఒక్కోలా ఉంటే టార్గెట్ మీద గుళ్లు కూడా చెల్లాచెదురుగా పడతాయి. రైఫిల్ రైఫిల్‌కీ థ్రోట్ వేరు. వెదర్బీ రైఫిల్స్‌లో అయితే అది కావాలనే బాగా పొడుగ్గా పెడతారు.

ఇక మొత్తం పొడవు సంగతి. .308 విన్‌చెస్టర్‌కి అమెరికా ప్రమాణాల సంస్థ సామీ పెట్టిన గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు, అంటే 71.37 మి.మీ. అది ఎవరి రైఫిల్లో పెట్టినా, ఏ మ్యాగజైన్‌లో పెట్టినా ఫ్యాక్టరీ తూటా పట్టాలని పెట్టిన కొలత. మీ బావగారి బారెల్లో గట్లు ఎక్కడున్నాయో ఆ అంకె చెప్పదు. పైగా ఆ పొడవు కొలిచేది గుండు కొన దగ్గర్నుంచి. టార్గెట్ గుళ్లకి కొన దగ్గర చిన్న చిల్లు ఉంటుంది, ఆ అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఒకే డబ్బాలో గుండుకీ గుండుకీ పది పదిహేను థౌలు తేడా మామూలే (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు, 0.0254 మి.మీ.). గట్లకి తగిలేది కొన కాదు కదా! కొన నుంచి వంపు తిరిగి లావయ్యే చోట, ఓజైవ్ అంటారు, అక్కడ తగులుతుంది. అందుకని కేసు అడుగు నుంచి ఓజైవ్ దాకా కొలవాలి. క్యాలిపర్ దవడకి రంధ్రమున్న చిన్న బుష్ బిగిస్తాం, గుండు ముక్కు ఆ రంధ్రంలో దూరి వంపు దగ్గర ఆగుతుంది, అక్కడి రీడింగ్ తీసుకుంటాం. దాన్నే కంపారేటర్ అంటారు.

గేజీ పని ఇలా ఉంటుంది. థ్రెడ్డు వేసిన కేసుని బోలు రాడ్‌కి బిగిస్తావు, గుండు ఆ కేసు మూతిలో వదులుగా కూర్చుంటుంది. బోల్ట్ (ఛాంబర్‌ని వెనక నుంచి మూసేది) తీసేసి మొత్తాన్ని ఛాంబర్లోకి తోస్తే కేసు భుజం (ఒళ్లు సన్నబడి మెడగా మారే చోటు) ఛాంబర్ భుజానికి ఆనుకుని ఆగుతుంది. అప్పుడు లోపలి సన్న రాడ్‌ని మెల్లగా నొక్కితే గుండు ముందుకెళ్లి గట్లకి తగిలి ఆగుతుంది, స్క్రూ బిగించి బయటికి లాగుతావు. చాలాసార్లు గుండు అక్కడే ఉండిపోతుంది, బారెల్ మూతివైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో తడితే ఊడొస్తుంది, మళ్లీ కేసులో పెట్టి కొలవడమే. ఇక్కడ చెయ్యి తేలిగ్గా ఉండాలి. గట్టిగా నొక్కితే గుండు గట్లలోకి దిగబడి రీడింగ్ అనవసరంగా పెరుగుతుంది, ఒత్తిడి మారినప్పుడల్లా అంకె మారుతుంది. అదే గుండుతో మళ్లీమళ్లీ చేసి అంకెలు ఒకచోట నిలబడితేనే రాసుకోవాలి.

మీ బావగారి పట్టుకి కారణం ఉంది, కాదనను. కంపెనీ థ్రెడ్డు కేసు కొత్త కేసు సైజులో ఉంటుంది, అడుగు నుంచి భుజం దాకా కాస్త పొట్టి. ఆయన రైఫిల్లో పేలిన కేసు ఆ ఛాంబర్ సైజుకి సాగి ఉంటుంది. పొట్టి కేసుతో కొలిస్తే అంకె తక్కువొస్తుంది. కానీ దానికి కొత్త థ్రెడ్డు అక్కర్లేదు, కూడిక వస్తే చాలు. భుజం దాకా కొలిచే ఇన్‌సర్ట్ ఆయన దగ్గర ఉండే ఉంటుంది. దాంతో గేజీ కేసు 1.621 అని, తను డైలో (కేసుని మళ్లీ కొలతకి నొక్కే అచ్చులో) సైజ్ చేసి వాడే కేసు 1.626 అని చూపించిందనుకో. తేడా 5 థౌలు. గేజీతో ఓజైవ్ రీడింగ్ 2.225 వస్తే, ఆయన కేసుకి గట్లు తగిలే చోటు 2.230. అంతే. ఈ అంకెలు వాడుకోడానికి కాదు, లెక్క ఎలాగో చూపించడానికి.

టూల్‌రూమ్ తాత, నెల్లిమర్ల:

పై తమ్ముడు బాగా చెప్పాడు గానీ మన కుర్రాడు అడిగిన లేత్ సంగతి అలాగే ఉండిపోయింది. అది నేను చెప్తా.

5/16లో బజార్లో దొరికేవి బీఎస్‌డబ్ల్యూ 18, బీఎస్‌ఎఫ్ 22, యూఎన్‌ఎఫ్ 24. యూఎన్‌ఈఎఫ్ అయితే 32. ఈ 36 అన్నది ఏ మామూలు సెట్‌లోనూ ఉండదు, స్పెషల్ ట్యాపు తెప్పించుకోవాలి. లేత్ మీద కోస్తానంటావా, నీది ఇంగ్లీషు లీడ్ స్క్రూ 4 టీపీఐ (అంగుళానికి నాలుగు చుట్లు) అయితే నాలుగు బై ముప్పై ఆరు, అంటే తొమ్మిదో వంతు కావాలి. డ్రైవర్ 20 పళ్లు, డ్రివెన్ 60, మళ్లీ 30కి 90 వేస్తే సరిపోతుంది. గేర్లు కుదురుతాయి గానీ 8 మి.మీ. లోపు రంధ్రంలో, అదీ అంత తక్కువ మందంలో, బోరింగ్ టూల్‌తో లోపలి థ్రెడ్డు కొయ్యడం చేతకాని పని కాదు, చిరాకు పని. ట్యాపే మేలు, కింద 7.3 డ్రిల్లు.

పట్టుకోవడం అసలు చిక్కు. ఆ కేసు ఒంటికి టేపరుంది. .308కి అడుగున 11.96 మి.మీ., భుజం దగ్గర 11.53. మూడు దవడల చక్‌లో పడితే అడుగున ఒక్కచోటే పట్టి మిగతాది ఊగుతుంది, గట్టిగా బిగిస్తే గుండ్రం పోతుంది. చీల్చిన బుష్‌లో అదే టేపరు బోర్ చేసి అందులో పెట్టి పట్టాలి. రంధ్రం ఒక పక్కకి పోయిందా, గేజీ మీద కేసు వంకరగా కూర్చుంటుంది, ఛాంబర్లో ఒక్కోసారి ఒక్కోలా ఆనుతుంది. నీ బావ థౌలు లెక్కపెడుతున్నాడు, నువ్వు వంకర కేసిస్తే ఆయన కొలిచేది నీ వంకర.

థౌలంటే గుర్తొచ్చింది. మామూలు డిజిటల్ క్యాలిపర్ తెర మీద 0.01 చూపిస్తుంది గానీ దాని కచ్చితత్వం ప్లస్సో మైనస్సో 0.02 మి.మీ., అంటే దాదాపు ఒక థౌ. అందుకని ఎవరైనా అర థౌ సెట్టింగ్ మార్చాను, గుళ్లన్నీ ఒకే చిల్లులో పడ్డాయి అంటే నవ్వి ఊరుకోవాలి.

సికాకుళం నల్లకోటు:

లేత్ తమ్ముడూ, గేర్లు మార్చకముందే ఒక్కసారి ఆగు. ఇది అసలు చేసే పని కాదు.

మన 1959 ఆయుధాల చట్టంలో మందుగుండు అంటే నిండు తూటా ఒక్కటే కాదు. రెండో సెక్షన్‌లో నిర్వచనం చూడు, మందుగుండు భాగాలు, దాన్ని తయారుచేసే యంత్రాలు కూడా అందులోనే వస్తాయి. మూడో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా దగ్గర ఉంచుకోకూడదు, ఐదో సెక్షన్ ప్రకారం తయారీకి, మరమ్మతుకి, అమ్మకానికి లైసెన్సు కావాలి, పదో సెక్షన్ ప్రకారం బయట దేశం నుంచి తేవడానికీ కావాలి. ఖాళీ ఇత్తడి కేసు అందులో భాగమా కాదా అని కోర్టులో వాదించుకోవచ్చు, నా బోటివాళ్లకి ఫీజు వస్తుంది. కానీ ఆ వాదన మొదలయ్యేది ఎఫ్‌ఐఆర్ అయ్యాక. లైసెన్సు లేని లేత్ షాపులో, చక్‌లో బిగించిన రైఫిల్ కేసు దొరికితే టూటౌన్ ఎస్సైగారు నీ కంపారేటర్ సిద్ధాంతం వింటారా? అది కూడా .308, మన మిలిటరీ 7.62కి అన్నదమ్ముల సైజు.

విమానం సంగతి ఇంకా ఉంది. బ్యాగు మడతలో మర్చిపోయిన ఒక్క తూటా స్కానర్‌కి చిక్కి ప్రయాణికుడు స్టేషన్‌లో కూర్చున్న వార్తలు తరచూ చూస్తూనే ఉంటాం. అలాంటివాళ్లని చాలాసార్లు కాపాడేది ఒక్కటే, అది తన దగ్గరుందని తనకి తెలీదు అన్న వాదన. దగ్గర ఉండటమంటే తెలిసి ఉండటం అని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో చెప్పింది. మీ బావగారు లెక్కపెట్టి పది కేసులు, ఫలానా పనికి, ఫలానా బామ్మర్దికి అని తెస్తున్నారు, పైగా ఫోన్‌లో మాట్లాడుకున్నారు. ఇంక తెలీదనే మాటెక్కడిది? అమెరికా వైపు కూడా తూటా భాగాలు దేశం దాటించడానికి ఎగుమతి నిబంధనలున్నాయి.

సిరిమాను చూడ్డానికి వచ్చిన అల్లుడు ఎయిర్‌పోర్టులో ఆగిపోతే మీ అమ్మగారి ముందు ఎవరు నిలబడతారు? నువ్వే.

లేత్‌షాపు విజయనగరం:

అయ్య బాబోయ్. ఇత్తడి ముక్క కదా, అగరుబత్తి స్టాండు లాంటిదేగా అనుకున్నాను సార్. ఇప్పుడే బావగారికి ఫోన్ చేసి చెప్పేశాను, తేవద్దని. ముందు "ఏటి, ఖాళీ కేసుకి కూడానా?" అన్నారు గానీ మీరు రాసింది చదివి వినిపిస్తే మెత్తబడ్డారు.

కానీ ఆయన వదల్లేదు. "అయితే థ్రెడ్డు లేకుండా నా కేసుతోనే కొలిచే దారి చెప్పమను, లెక్కలు కూడుకోడం నాకిష్టం లేదు" అంటున్నారు. ఇంకా, తనకి కావాల్సింది "ఛాంబర్ లెంగ్త్" అని ఒకసారి, "హెడ్‌స్పేస్" అని ఒకసారి అంటున్నారు. రెండూ ఒకటేనా?

మాజీ ఆర్మరర్, ఆమదాలవలస:

ఒకటి కాదు బాబూ. ఇవి కలగాపులగం చేసుకునేవాళ్లు చాలామంది, మీ బావగారొక్కరే కాదు. నేను సైన్యం మరమ్మతు విభాగం ఈఎంఈలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు బాగుచేసేవాడిగా చేశాను, 7.62 ఎస్‌ఎల్‌ఆర్ నుంచి ఇన్సాస్ దాకా రైఫిళ్లు చేతుల మీదుగా పోయాయి. మాకు తూటాలు ఫ్యాక్టరీ నుంచి సీలు పెట్టెల్లో వచ్చేవి, గుండు ఎంత దిగిందో చూసే అవసరం మాకు లేదు. కానీ ఛాంబర్ కొలవడం మా రోజువారీ పని.

ఛాంబర్లో మూడు పొడవులున్నాయి, మూడింటినీ బోల్ట్ ముఖం నుంచే లెక్కపెడతారు. మొదటిది భుజం దాకా, అదే హెడ్‌స్పేస్. భుజం ఏటవాలుగా ఉంటుంది కాబట్టి దాని మీద వ్యాసం 0.400 అంగుళాలు ఉన్న చోటుని గుర్తుగా పెట్టుకుంటారు. .308కి గో గేజీ 1.630, నో-గో 1.634. గో గేజీ మీద బోల్ట్ మూసుకోవాలి, నో-గో మీద మూసుకోకూడదు. మధ్య తేడా నాలుగు థౌలు, పదో వంతు మిల్లీమీటరు, అంతే. మిలిటరీ 7.62 గేజీల కొలతలు వేరు, అవి దీనికి వాడకూడదు.

రెండోది మెడ చివరి దాకా, అంటే కేసు మూతి కూర్చునే చోటు ఎక్కడ అయిపోతుందో అక్కడికి. అసలైన ఛాంబర్ లెంగ్త్ గేజీ కొలిచేది ఇదే. దీని గురించి ఎవరూ మాట్లాడరు, అందరికీ గట్ల మీదే మోజు. కేసు పేలిన ప్రతిసారీ, మళ్లీ డైలో సైజ్ చేసిన ప్రతిసారీ, ఇత్తడి ముందుకి సాగుతుంది. .308 కేసుకి గరిష్ఠం 2.015 అంగుళాలు, 51.18 మి.మీ., అది దాటకుండా 2.005కి కత్తిరిస్తారు. కత్తిరించకుండా వదిలేస్తే ఏమవుతుందంటే, మూతి వెళ్లి ఛాంబర్ చివరి మెట్టుకి గుద్దుకుని గుండు మీదకి ముడుచుకుంటుంది. పేలినప్పుడు మూతి విచ్చుకుని గుండుని వదలాలి కదా, వదలడానికి చోటుండదు, ప్రెషరు ఒక్కసారిగా ఎగుస్తుంది. బోల్ట్ బిగుసుకుపోవడం, ప్రైమర్ ఊడిపోవడం, ఇంకా కిందకి చెప్పను. బావగారు గట్ల కొలత తర్వాత చూసుకోవచ్చు, ఇది ముందు చూసుకోమను. మామూలు కంటే కొంచెం పొట్టిగా కోసిన కేసు మూతిలో మెత్తటి స్టీలు ప్లగ్గు ఒకటి దూర్చి ఛాంబర్లో పెట్టి బోల్ట్ మూస్తారు, ఛాంబర్ చివర దాన్ని వెనక్కి నెడుతుంది, తీసి మొత్తం పొడవు కొలిస్తే ఎంత జాగా ఉందో తెలుస్తుంది. ఆ ప్లగ్గులు అక్కడ షాపుల్లోనే దొరుకుతాయి.

మూడోది గట్ల దాకా. దానికి థ్రెడ్డు లేని దారులు రెండున్నాయి.

ఒకటి చీల్చిన మెడ. ఆయన రైఫిల్లో పేలిన కేసు తీసుకుని, మెడ పొడవునా సన్న రంపంతో చీలికలు పెట్టాలి, గరుకు పూర్తిగా తీసెయ్యాలి. గుండుని అందులో బాగా పొడుగ్గా, వేలితో తోస్తే కదిలేంత బిగువుగా పెట్టి, ఛాంబర్లో పెట్టి బోల్ట్ మెల్లగా మూస్తే గట్లే గుండుని వెనక్కి నెట్టి సరైన చోట కూర్చోబెడతాయి. బయటికి తీసేటప్పుడే జాగ్రత్త, గుండు గట్లకి అంటుకుని కాస్త ముందుకి జారి రావచ్చు. దానికి గుండు ఒంటికి మార్కర్ ఇంకు పూసి పెట్టాలి, మూతి అంచు ఎక్కడిదాకా గీరిందో కనిపిస్తుంది, జారితే ఆ గీత చోటు తప్పి ఉంటుంది.

రెండోది క్లీనింగ్ రాడ్. కొన చదునుగా ఉన్న రాడ్ కావాలి. ఖాళీ రైఫిల్ బోల్ట్ మూసి, బారెల్ మూతివైపు నుంచి రాడ్ దూర్చి బోల్ట్ ముఖానికి ఆనించి, బారెల్ అంచు దగ్గర రాడ్ మీద బ్లేడుతో గీత. తర్వాత బోల్ట్ తీసి, వెనక నుంచి గుండుని పెన్సిల్‌తో గట్లకి ఆనించి పట్టుకుని, రాడ్‌ని దాని కొనకి ఆనించి రెండో గీత. రెండు గీతల మధ్య దూరమే ఆ ఒక్క గుండుకి గట్లు తగిలే మొత్తం పొడవు. కొన వరకు వచ్చిన కొలత కాబట్టి అదే గుండుని ఒక డమ్మీ కేసులో ఆ పొడవుకి దించి, కంపారేటర్‌తో ఓజైవ్ దాకా మళ్లీ కొలుచుకోవాలి.

ఇవన్నీ మందు, ప్రైమర్ లేని డమ్మీతోనే. నిండు తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు. బోల్ట్ మూసే ముందు ఛాంబర్లో వేలు పెట్టి చూడమను, కన్నుని నమ్మొద్దు.

బొబ్బిలి టు అరిజోనా:

ఆర్మరర్ మావయ్యగారు చెప్పింది వంద శాతం. నేను చీల్చిన మెడ కన్నా రాడ్ పద్ధతే నమ్ముతాను, గీత సన్నగా గీస్తే చాలు, అందులో జారేదేం లేదు.

ఒకటి కలుపుతా. గట్లు ఎక్కడో తెలిసింది కదా అని గుండుని సరిగ్గా అక్కడికి తెచ్చి ఆనించమని కాదు. ఆనిస్తే గుండు కదలడానికే ఎక్కువ బలం కావాలి, అదే మందుకి ప్రెషరు పెరుగుతుంది. ఇంకోటి, పేల్చకుండా తూటా బయటికి తియ్యాల్సొస్తే గుండు గట్లలో ఇరుక్కుని కేసు ఒక్కటే బయటికొస్తుంది, మందంతా యాక్షన్‌లో (బోల్ట్ కదిలే భాగంలో) ఒలికిపోతుంది. రేంజ్‌లో ఇది చూశాను, పక్కవాడు పళ్లపుల్లతో ఒక్కో పలుకూ ఏరుతుంటే మా లైనంతా ఆగిపోయింది. అలాగని బాగా లోపలికి దించేసినా కేసులో ఖాళీ తగ్గి ప్రెషరు పెరిగే ప్రమాదం ఉంది. అందుకే గుండు లోతు మార్చినా, గుండు రకం మార్చినా మందు కొలత మళ్లీ మాన్యువల్‌లోని కింది అంకె నుంచి మొదలుపెట్టాలి. ఇదివరకు బాగుంది కదా అని పాత కొలతే వెయ్యకూడదు.

గుండు కంపెనీ మారితే ఓజైవ్ వంపు మారుతుంది, అంకె చెల్లదు. బారెల్ పాతబడే కొద్దీ వేడికి థ్రోట్ అరిగి గట్లు ముందుకి జరుగుతాయి, అప్పుడప్పుడు మళ్లీ కొలవాలి. నా పుస్తకంలో అంకె పక్కన తేదీ, గుండు రకం, ఏ బుష్‌తో కొలిచానో రాస్తాను. ఒకరి అంకె ఇంకొకరికి పనికిరాదు. నెట్‌లో ఎవరో తన .308కి ఇంత అని రాశాడని దాన్నెత్తుకెళ్లి తన డైలో పెట్టుకునేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

లేత్‌షాపు విజయనగరం:

బావగారు రాడ్ పద్ధతికి ఒప్పుకున్నారు! కేసు మూతి కొలత మాట చెప్తే మాత్రం కాసేపు ఏం మాట్లాడలేదు, ప్లగ్గు ఆర్డరు పెట్టానని తర్వాత మెసేజ్ పెట్టారు.

నాకు మాత్రం చేతులు ఊరుకోవట్లేదు. బావగారు వస్తున్నారు, ఏదో ఒకటి చేసివ్వాలి. క్యాలిపర్‌కి బిగించే ఆ బుష్ నేను చెయ్యొచ్చా? నల్లకోటు సార్, అందులో తూటా ముక్కేం లేదు కదా?

సికాకుళం నల్లకోటు:

రంధ్రమున్న ఇనుప బుష్, క్యాలిపర్‌కి తగిలించే కొలత సామాను. అది తూటాలో భాగం కాదు, తూటా తయారుచేసే యంత్రమూ కాదన్నదే నా ఉద్దేశం. చేసుకో. కొలిచి చూడ్డానికని ఒక్క గుండు కూడా తెప్పించకు, అంతే.

టూల్‌రూమ్ తాత, నెల్లిమర్ల:

చెయ్యి, ఇది నీ చేతికి తగిన పని. అల్యూమినియం వద్దు, అంచు త్వరగా పోతుంది. ఈఎన్8 స్టీలు ముక్క తీసుకో. .308 బారెల్లో గట్ల మీద వ్యాసం 0.300 అంగుళాలు, అంటే 7.62 మి.మీ. రంధ్రం ఆ దరిదాపుల్లో ఉంటే గుండుని గట్లు పట్టే చోటే ఇదీ పడుతుంది. 7.5 డ్రిల్లు దించి బోరింగ్‌తో సైజుకి తెచ్చుకో. 7.60 వచ్చినా 7.64 వచ్చినా కంగారు పడకు, ఎప్పుడూ అదే బుష్‌తో కొలిస్తే ఆ తేడా లెక్కలోకి రాదు. కానీ రెండు విషయాల్లో రాజీ పడొద్దు. రంధ్రం, గుండు ఆనే ముఖం, రెండూ చక్‌లోంచి ముక్క తియ్యకుండా ఒకే సెట్టింగ్‌లో అవ్వాలి, తిప్పి పట్టావా నిటారు పోతుంది. రంధ్రం అంచు కత్తిలా వదలకు, గుండు మీది రాగి తొడుగుని గీస్తుంది, నూనెరాయితో చుట్టూ సమానంగా తాకించి వదిలెయ్, కనిపించీ కనిపించనంత.

క్యాలిపర్ దవడకి గాడి కోసి పక్క నుంచి ఎం3 స్క్రూ ఒకటి పెట్టు. స్క్రూ కొనకి ఇత్తడి ముక్క వెయ్యి, లేకపోతే దవడ మీద గంటు పడుతుంది. కొలిచే ముందు బుష్ బిగించి, దవడలు మూసి, సున్నా చేసుకోమను బావగారిని. బుష్ విప్పి మళ్లీ బిగించినప్పుడల్లా సున్నా మళ్లీ చెయ్యాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

లేత్‌షాపు విజయనగరం:

ధన్యవాదాలు తాతగారూ. స్క్రాపులో పాత పంపు షాఫ్టు ముక్క ఈఎన్8దే ఉంది, రేపు కరెంటు ఉన్నప్పుడు పెడతా. గాడి వెడల్పు ఎంత పెట్టాలి, బావగారిది మిటుటోయో ఆరంగుళాల క్యాలిపర్.

టూల్‌రూమ్ తాత, నెల్లిమర్ల:

ఆయన్నే దవడ మందం కొలిచి ఫోటో పెట్టమను, దానికి 0.05 ఎక్కువ పెట్టి కొయ్యి. నా మాట మీద కొయ్యకు.